వెనిస్‌లో గ్రౌండ్ ఫ్లోర్ గది బుక్ చేయబోతున్నవారికి హెచ్చరిక: “గేట్లు వచ్చాయి, ఇక నీళ్లు రావు” అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

అక్టోబరు నుంచి జనవరి మధ్య వెనిస్ వెళ్లాలనుకుని, సాన్ మార్కో చుట్టుపక్కల గ్రౌండ్ ఫ్లోర్ గదిని డబ్బు వాపసు రాని పద్ధతిలో తీసుకోబోతున్నవారు దయచేసి ఇది చదివిన తరువాతే డబ్బు కట్టండి. మేము మూడు రాత్రులకు 540 యూరోలు ముందుగా చెల్లించి, రెండో రోజు తెల్లవారేసరికి చీలమండ దాటిన ఉప్పునీటిలో మా అమ్మను చేయి పట్టుకుని నడిపిస్తూ ఆ గది నుంచి బయటికి వచ్చాము. సముద్రపు పోటును ఆపే గేట్లు వచ్చాయి కాబట్టి వరద భయం లేదని గది యజమాని మాకు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. అది సగం నిజం. ఆ నిజం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో మాకు తెలియలేదు కాబట్టే నష్టపోయాము.

మా అమ్మాయి పాదువా విశ్వవిద్యాలయంలో చదువుకుంటోంది. తనను చూడడానికి నవంబరు చివరి వారంలో నేను, నా భార్య, 72 ఏళ్ల మా అమ్మ కలిసి వెళ్లాము. పాదువా నుంచి వెనిస్‌కు రైలులో అరగంట ప్రయాణమే అయినా, మూడు రోజులు ఆ ఊళ్లోనే ఉంటే అమ్మ తీరిగ్గా చూడగలుగుతుందని అక్కడే గది వెతికాము. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. వెనిస్ పాత ఇళ్లలో లిఫ్టులు అరుదు. అందువల్ల “మెట్లు ఎక్కే పని లేదు, సాన్ మార్కో చౌకుకు నాలుగు నిమిషాల నడక” అని రాసి ఉన్న ప్రకటన మాకు వరంలా కనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రకటనలో అన్నిటికంటే ముందుగా నన్ను ఆపవలసిన మాట అదే. ఆ ఊళ్లో మెట్లు లేని గది అంటే నీటి మట్టానికి అతి దగ్గరగా ఉన్న గది అని అర్థం. వెనిస్‌లోని పాత పెద్ద ఇళ్లలో కింది అంతస్తు పడవల నుంచి సరుకులు దించుకుని నిల్వ చేసుకోవడానికి ఉండేది, కుటుంబం పై అంతస్తులో నివసించేది. వందల ఏళ్లుగా అక్కడివారు సామాన్ల కోసం వాడుకున్న చోటును మేము పడక గదిగా కొనుక్కున్నాము.

డబ్బు కట్టే ముందు నేను అడగకుండా ఏమీ ఉండలేదు. నవంబరులో నీళ్లు వస్తాయని విన్నాము, మీ గది సంగతి ఏమిటి అని రాతపూర్వకంగా అడిగాను. 2020 నుంచి మోజే గేట్లు పనిచేస్తున్నాయి, వరదల గురించి ఇక దిగులు పడవలసిన అవసరం లేదు అని జవాబు వచ్చింది. మాది భద్రాచలం. కరకట్ట ఉన్నంత మాత్రాన రామాలయం చుట్టూ నీళ్లు చేరకుండా ఉండవని చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి. అయినా సముద్రానికే గేట్లు పెట్టారన్న మాట విని నేను రెండో ప్రశ్న వేయలేదు.

ఆ గేట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మకమంతా దాని మీదే నడుస్తోంది. వెనిస్ మన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు మధ్యలో ఉంది. ఆ సరస్సులోకి ఆడ్రియాటిక్ సముద్రపు నీరు లీదో, మలమొక్కో, కియోజ్జా అనే మూడు ముఖద్వారాల గుండా వస్తుంది. ఈ మూడు చోట్ల అడుగున పరచి ఉంచిన 78 ఉక్కు గేట్లను, పెద్ద పోటు వస్తుందని తెలిసినప్పుడు లోపలికి గాలి పంపి పైకి లేపుతారు. 2003లో మొదలైన ఈ నిర్మాణానికి 500 కోట్ల యూరోలకు మించి ఖర్చయింది. 2020 అక్టోబరు 3న మొదటిసారి నిజమైన పోటును ఆపింది. అది గొప్ప పని అనడంలో నాకు సందేహం లేదు. 2019 నవంబరు 12 రాత్రి 187 సెంటీమీటర్ల పోటు వచ్చి ఊరిలో అత్యధిక భాగం మునిగింది, సాన్ మార్కో బసిలికా అనే పెద్ద చర్చి నేలమాళిగలోకి కూడా నీరు చేరింది. అలాంటి రాత్రి మళ్లీ రాకుండా చూసే శక్తి ఆ గేట్లకు ఉంది.

అయితే ఆ గేట్లను ప్రతి పోటుకూ లేపరు. సాధారణంగా 110 సెంటీమీటర్లు లేదా అంతకు మించి వస్తుందని అంచనా ఉన్నప్పుడే లేపుతారు. లేపిన ప్రతిసారీ పెద్ద ఖర్చు అవుతుంది, మార్గేరా ఓడరేవుకు ఓడల రాకపోకలు ఆగిపోతాయి, సరస్సు నీరు సముద్రంతో కలిసి శుభ్రపడడం కూడా నిలిచిపోతుంది. కాబట్టి తరచుగా లేపలేరన్నది న్యాయమైన కారణమే. కానీ సాన్ మార్కో చౌకులో అతి పల్లమైన చోటికి దాదాపు 80 సెంటీమీటర్ల దగ్గరే నీరు చేరడం మొదలవుతుంది. అంటే 80కీ 110కీ మధ్య వచ్చే పోట్లన్నీ గేట్లు దించి ఉండగానే ఊరి పల్లపు భాగాల్లోకి వస్తాయి. మా గది ఉన్నది సరిగ్గా ఆ మధ్యలో. పైగా గేట్లు లేపడం ముందస్తు అంచనా మీద ఆధారపడిన పని. 2020 డిసెంబరు 8న అంచనా తక్కువగా రావడంతో గేట్లు లేపలేదు, నీరు 138 సెంటీమీటర్లకు చేరింది.

ఇక్కడ అంకెల విషయంలో చాలామంది పొరబడుతున్నారు. 105 సెంటీమీటర్లు అంటే వీధిలో నడుము లోతు నీళ్లని కొందరు భయపడతారు, ఆ భయం తప్పని తెలియగానే అసలు ప్రమాదమే లేదనుకుంటారు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు వీధిలో 43 అడుగుల నీరు ఉండదు కదా, ఇదీ అలాంటి కొలతే. ఊళ్లోని పుంతా దెల్లా సలూతే అనే చోట ఉన్న కొలమానంలో 1897 నాటి సగటు సముద్ర మట్టాన్ని సున్నాగా పెట్టుకుని లెక్కిస్తారు. అప్పటి నుంచి నేల కుంగడం, సముద్రం పెరగడం రెండూ కలిసి నాటి మట్టానికీ నేటి మట్టానికీ తేడా 30 సెంటీమీటర్లకు పైగా వచ్చింది. 110 దగ్గర ఊరిలో సుమారు 12 శాతం తడుస్తుంది, 140 దగ్గర సగానికి పైగా మునుగుతుంది. కాబట్టి మీరు తెలుసుకోవలసింది ఊరి అంకె ఒక్కటే కాదు, మీ గది గడప ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉందన్నది కూడా. మా గదిలో గడప మీద వేసి ఉన్న ఇనుప పలక చూసి అది ఏదో పాత అలంకారం అనుకున్నాము. నీళ్లను ఆపడానికే దాన్ని అక్కడ బిగించారని మరునాడు తెలిసింది.

ఆ రోజు అమావాస్య దగ్గరలో ఉంది, ముందు రోజు సాయంత్రం నుంచి సిరోకో అని పిలిచే ఆగ్నేయపు గాలి వీస్తోంది. పొడవుగా, ఇరుకుగా ఉన్న ఆడ్రియాటిక్‌లో ఆ గాలి నీటిని ఉత్తరపు కొసకు, అంటే వెనిస్ వైపుకు తోస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడు పోటు పెరుగుతుందని ఊళ్లో అందరికీ తెలుసు, మాకు తప్ప. సైరన్ మోగితే లేవవచ్చులే అనుకున్నాము. సైరన్ కూడా 110 దాటుతుందన్న అంచనా ఉంటేనే మోగుతుందని తరువాత తెలిసింది. ఆ ఉదయం అంచనా 105. అందువల్ల గేటూ లేవలేదు, సైరనూ మోగలేదు. ఆరున్నర ప్రాంతంలో అమ్మ బాత్రూమ్‌కు వెళ్లబోయి కేక వేసింది. నీరు వాకిలి నుంచి రాలేదు, బాత్రూమ్ నేలలోని తూము నుంచి పైకి ఉబికింది. ఇనుప పలక వీధి నీటిని ఆపుతుంది గానీ కింద నుంచి వచ్చేదాన్ని ఏం ఆపుతుంది? అరగంటలో మంచాల కింద పెట్టిన రెండు సూట్‌కేసులు, అమ్మ మందుల సంచి, నా భార్య చీరలు అన్నీ ఉప్పునీటిలో నానిపోయాయి.

ఏడున్నరకు యజమాని నుంచి సందేశం వచ్చింది. సామాన్లు మంచం మీద పెట్టుకోండి, మూడు గంటల్లో తగ్గిపోతుంది అని అందులో ఉంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ సందేశమే. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో ఇంత కచ్చితంగా తెలిసిన మనిషికి, నేను అడిగినప్పుడు ఒక్క మాట చెప్పడానికి ఏం అడ్డు వచ్చింది? నీరు నిజంగానే తగ్గింది. కానీ పరుపుల అంచులు తడిసిన ఆ గదిలో, మరునాడు మళ్లీ 100 వరకు వస్తుందని అంచనా ఉండగా, అమ్మను పడుకోబెట్టలేక అదే రోజు ప్రధాన భూభాగంలోని మెస్త్రెలో మరో హోటల్‌కు మారాము. నడక కోసం వేసిన చెక్క బల్లల బాట మా సందు దాకా లేదు. వంతెనల కింద ఖాళీ తగ్గడం వల్ల నీటి బస్సుల దారులు కూడా మార్చారు. బయట అమ్ముతున్న ప్లాస్టిక్ తొడుగులు కొని బూట్ల మీద వేసుకున్నాము, రెండో వంతెన దాటేలోపే అవి చిరిగిపోయాయి.

వాపసు అడిగితే ప్రకృతి వైపరీత్యానికి తాము బాధ్యులు కామని జవాబిచ్చారు. ఏటా శీతాకాలంలో పలుమార్లు వచ్చేదాన్ని, గంటతో సహా ముందే చెప్పగలిగేదాన్ని వైపరీత్యం అనడం న్యాయం కాదని నేను రాశాను. బుకింగ్ సంస్థకు గది ఫోటోలు, నా ప్రశ్న, వారి జవాబు, ఆ ఉదయపు సందేశం అన్నీ వరుసగా పంపిన తరువాత ఉండని రెండు రాత్రులలో ఒక్క రాత్రి డబ్బు మాత్రం తిరిగి ఇచ్చారు. ఆ ప్రశ్న ఫోనులో అడిగి ఉంటే అదీ వచ్చేది కాదు. బీమా సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు. షెంగెన్ వీసా కోసం చేయించే 30,000 యూరోల బీమా వైద్య ఖర్చులకు ఉద్దేశించినది. అందులో గది మునిగినా, ప్రయాణం మధ్యలో ఆగినా డబ్బు వస్తుందని అనుకోకండి. అది కావాలంటే విడిగా తీసుకోవాలి, తీసుకునే ముందు షరతులలో వరద గురించి ఏముందో చదవాలి.

మేము సమీక్షలు చదవకుండా వెళ్లలేదు. ఆ గదికి ఐదు నక్షత్రాలు ఇచ్చిన వారి అభిప్రాయాలు పేజీలకు పేజీలు చదివాను. ఇంటికి వచ్చిన తరువాత తేదీల వారీగా పెట్టి చూస్తే, మెచ్చుకున్నవారు దాదాపు అందరూ ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య వెళ్లినవారే. శీతాకాలంలో ఉన్నవారి సమీక్షలు కొద్దిగానే ఉన్నాయి, వాటిలో రెండింటిలో బాత్రూమ్ నుంచి నీరు వచ్చిందని స్పష్టంగా రాసి ఉంది. వేసవి పొగడ్తల కింద అవి కనబడకుండా పోయాయి. ఇక ఊరి గురించి ప్రయాణికులు రాసేవి రెండు రకాలుగా ఉన్నాయి. నీటిలో బసిలికా ప్రతిబింబం చూడడం జీవితంలో ఒక్కసారి దొరికే భాగ్యమని కొందరు, కంపు కొట్టే మురికి ఊరు, ఎవరూ వెళ్లకండి అని కొందరు. నేను ఈ రెండింటితోనూ ఏకీభవించను. పర్యాటకులు ఫోటోలకు నవ్వుతూ నిలబడిన ఆ గంటలోనే, పక్క దుకాణంలో ఒక పెద్దావిడ పంపు పెట్టి నీళ్లు తోడుకుంటూ ఉండడం చూశాను. ఆ ఉప్పునీరు ఇటుకల్లోకి ఎక్కి గోడలను తినేస్తుంది. ఆ ఊరు మాకు ఏ అపకారమూ చేయలేదు. మమ్మల్ని మోసగించింది ఆ గదిని అమ్మిన తీరు. మెస్త్రె నుంచి మరునాడు మధ్యాహ్నం, ఆటు వేళ చూసుకుని మళ్లీ వెళ్లాము. పొడిగా ఉన్న చౌకులో అమ్మ గంటసేపు కూర్చుంది.

ఇదే ప్రయాణంలో ఫ్లోరెన్స్ కూడా కలుపుకునేవారు ఒక తేడా గమనించాలి. 1966 నవంబరు 4న ఒకే తుఫాను వెనిస్‌లో 194 సెంటీమీటర్ల రికార్డు పోటును, ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది వరదను తెచ్చింది. సాంతా క్రోచే చర్చిలోని, చిమాబుయె అనే పాతకాలపు చిత్రకారుడి శిలువ చిత్రం, జాతీయ గ్రంథాలయంలోని లెక్కలేనన్ని పుస్తకాలు బురదపాలైనది ఆ రోజే. ఆ నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చూపే పలకలు ఇప్పటికీ గోడల మీద ఉన్నాయి. కానీ అక్కడ వచ్చేది నది వరద, పోటు కాదు. ఏటా రాదు, వచ్చినప్పుడు మూడు గంటల్లో తగ్గేదీ కాదు. ఫ్లోరెన్స్‌లో గది ఏ అంతస్తులో ఉందన్న దానికంటే, పసుపు, నారింజ, ఎరుపు రంగులతో ఇచ్చే వాతావరణ హెచ్చరికను చూసుకోవడం ముఖ్యం. 2025 మార్చి 14న అక్కడ ఎరుపు హెచ్చరిక ఇచ్చి బడులు మూసేశారు. తేదీ మార్చుకునే వీలున్న టికెట్లే కొనండి.

ఈ శీతాకాలానికి వెనిస్‌లో గది ఇప్పటికే తీసుకున్నవారు ఉంటే, ఉచితంగా రద్దు చేసుకునే గడువు ఎప్పటితో ముగుస్తుందో ఈ రోజే చూడండి. గది ఏ అంతస్తులో ఉంది, పోటు ఎన్ని సెంటీమీటర్లకు చేరితే లోపలికి నీరు వస్తుంది, గత శీతాకాలంలో ఎన్నిసార్లు వచ్చింది అన్న మూడు ప్రశ్నలు బుకింగ్ సంస్థ సందేశాల పెట్టెలోనే రాసి అడగండి. అక్కడ గది అద్దెకు ఇచ్చేవారికి రెండో ప్రశ్నకు జవాబు తెలియకపోవడం ఉండదు. గేట్లు ఉన్నాయి కదా అని మాత్రమే జవాబు వస్తే, గడువు దాటకముందే రద్దు చేసుకుని, కనీసం మొదటి అంతస్తులో గది చూసుకోండి. 2025 జనవరి నుంచి ఇటలీలో ఇలాంటి అద్దె గదుల ప్రకటనలో జాతీయ గుర్తింపు కోడ్ తప్పనిసరిగా ఉండాలి, అది లేని గది జోలికి అసలు వెళ్లకండి. మా గది ఫోటోలు, యజమానితో జరిగిన సంభాషణ ప్రతులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇలాంటి వాపసు కోసం ఫిర్యాదు రాస్తున్నవారు ఎవరైనా అడిగితే, నేను ఏ వరుసలో ఏం పంపానో చూపిస్తాను.