అమెరికాలో డబ్బా చేపలు: ఏది పులుసుకి, ఏది పిట్టుకి

ఒహాయోలో మేముండే చోటికి సముద్రం ఎటు చూసినా వందల మైళ్ళ దూరం. ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో ఉన్న చేప దారిలో ఎన్నిసార్లు కరిగి మళ్ళీ గడ్డకట్టిందో ఎవరూ చెప్పలేరు. పెద్ద స్టోర్లలో ఐసు మీద అందంగా పరిచిన చేప పక్కన చూస్తే చాలాసార్లు ‘ప్రీవియస్లీ ఫ్రోజెన్’ అని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. పైగా ఇద్దరం ఉద్యోగాల నుంచి వచ్చేసరికి ఆరున్నర, పిల్లలు ఏడున్నరకల్లా తినాలి. అందుకని మా ఇంట్లో పనిరోజుల చేప అంటే డబ్బా చేపే. ఎమ్మెస్ రోజుల్లో చవకని మొదలుపెట్టాం. ఇప్పుడు రుచి కోసమే కొంటున్నాం.

ఇన్నేళ్ళ వాడకంలో నాకు బాగా స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. మనవాళ్ళు డబ్బా చేప అనగానే ట్యూనా దగ్గరే ఆగిపోతారు. మన వంటకి నిజంగా పనికొచ్చేవి దాని పక్కనే కింది అరలో ఉండే పొడుగు డబ్బాలు: పింక్ సాల్మన్, మాకెరెల్. ఆ తర్వాతే సార్డీన్లు. ట్యూనా ఒక్క వంటకానికి మాత్రం సాటిలేనిది, దాని సంగతి కూడా చెబుతాను.

ముందు ఒక మాట. డబ్బాలో ఉన్నది పచ్చి చేప కాదు, పూర్తిగా ఉడికిన చేప. మూత బిగించాక డబ్బాని దాదాపు 115–120 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో ఉడికిస్తారు. బోట్యులిజం అనే ప్రాణం మీదికి తెచ్చే జబ్బుకి కారణమైన సూక్ష్మజీవి బీజాలు మామూలు మరుగు వేడికి చావవు కాబట్టి అంత వేడి తప్పదు. మనింటి ప్రెషర్ కుక్కర్ చేసే పనే, ఇంకాస్త గట్టిగా. ఎముక మెత్తబడేదీ అందుకే, డబ్బా అలమరలో ఏళ్ళ తరబడి చెడకుండా ఉండేదీ అందుకే. ఈ సంగతి పట్టుబడితే వంట చాలా తేలికవుతుంది. కూర అంతా ముందే అయిపోవాలి, చేప చివర్లో పడాలి. పచ్చి చేపలాగా మొదట్లోనే వేసి ఇరవై నిమిషాలు ఉడికిస్తే పీచు పీచుగా విడిపోయి గిన్నెలో కలిసిపోతుంది.

ట్యూనా ఎండిపోయినట్టు ఉండటానికి కారణం కూడా ఈ ఉడకడమే. మామూలు ట్యూనాని ఫ్యాక్టరీలో రెండుసార్లు ఉడికిస్తారు. ముందు చేపని ఆవిరి మీద ఉడికించి, తోలూ ముల్లూ ఒలిచి, కండ మాత్రం డబ్బాలో పెట్టి మళ్ళీ ఉడికిస్తారు. వైల్డ్ ప్లానెట్ అనే బ్రాండ్ వాళ్ళు పచ్చి కండనే డబ్బాలో పెట్టి ఒక్కసారే ఉడికిస్తారు, అందులో వేరే నీళ్ళుండవు. తేడా మొదటి ముద్దకే తెలుస్తుంది, ధరలోనూ తెలుస్తుంది. అలాస్కా పింక్ సాల్మన్‌ని కూడా పచ్చిగానే ముక్కలు కోసి, ఉప్పు మాత్రం వేసి డబ్బాలో పెడతారు. లోపల కనిపించే నీరంతా ఆ చేపలోంచి ఊరిందే. అంత ఖర్చు పెట్టకుండా ఒక్కసారి ఉడికిన చేప కావాలంటే నా ఓటు సాల్మన్‌కే.

ఆ సాల్మన్ డబ్బా మూత మొదటిసారి తీసినవాళ్ళు కొంచెం జంకుతారు. 14.75 ఔన్సులు, అంటే 418 గ్రాముల పొడుగు డబ్బా. పైన విరిగిన పాలలాగా తెల్లటి పదార్థం తేలుతుంది, అది చేపలోంచి వచ్చిన ప్రోటీనే. దాని కింద వెండి రంగు తోలు చుట్టుకున్న గులాబీ రంగు ముక్కలు. మధ్యలో వెన్నెముక తెల్లటి చిన్న చిన్న బిళ్ళలుగా కనిపిస్తుంది. ఆ బిళ్ళని వేళ్ళ మధ్య నొక్కితే సుద్దముక్కలా పొడైపోతుంది. దాన్ని ఏరి పారేయొద్దు. ఈ డబ్బాలో కాల్షియం చాలావరకు ఉండేది ఆ ఎముకలోనే. తోలూ ముల్లూ తీసేసిన సాల్మన్ వేరే డబ్బాల్లో, ఎక్కువ ధరకి అమ్ముతారు. డబ్బు ఎక్కువిచ్చి మంచి భాగం వదులుకోవడం నాకు నచ్చదు. భీమవరం నుంచి వచ్చినప్పుడు మా అత్తగారు ఆ ఎముకని నలిపి చూసి, “ముల్లు గుచ్చుకునే భయం లేదంటే బుడ్డోడికి ఇదే పెట్టమ్మా” అన్నారు. గోదావరి చేపలు తిన్న మనిషి ఆమె, ఊరికే మెచ్చుకోరు.

ఇక పులుసు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పులుసు తీసి పెట్టుకుంటాను. నూనెలో మెంతులు, జీలకర్ర, కరివేపాకు వేసి, సన్నగా తరిగిన రెండు పెద్ద ఉల్లిపాయలు బాగా ఎర్రబడేదాకా వేయిస్తాను. తొందరపడకూడని చోటు ఇదొక్కటే. చీల్చిన పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ధనియాల పొడి, తర్వాత చింతపండు పులుసు. నూనె పైకి తేలి, పులుసు చిక్కబడి, రుచి చూస్తే ఇక చేప ఒక్కటే తక్కువ అనిపించేదాకా మరగనివ్వాలి. అప్పుడు డబ్బాలోని సాల్మన్ ముక్కల్ని వాటి నీటితో సహా నెమ్మదిగా జార్చి, సెగ తగ్గించి, ఐదు నిమిషాలు. గరిటె పెట్టొద్దు, గిన్నె అంచులు పట్టుకుని ఓసారి కుదిపితే చాలు. ఉప్పు మాత్రం చేప పడ్డాకే చూసుకోవాలి, డబ్బాలో ఉన్న ఉప్పే సగం పని చేస్తుంది. దించాక ఓ అరగంట మూతపెట్టి వదిలేస్తే ముక్కకి పులుపు పడుతుంది. వేసవిలో ఇండియన్ స్టోర్లో పుల్లటి మామిడికాయ దొరికితే చింతపండు తగ్గించి నాలుగు మామిడి ముక్కలు వేస్తాను. ఆ రోజు మా ఇంట్లో అన్నం ఇంకో గ్లాసు ఎక్కువే పడుతుంది.

మాకెరెల్ పొడుగు డబ్బా ఇంకా చవక. దీని మీద ఎక్కువగా జాక్ మాకెరెల్ అని ఉంటుంది. ఇది మన కానాగంత జాతి కాదు, పారల కుటుంబం. కండ గట్టిది, ముదురు రంగు, వాసన ఎక్కువ. సాల్మన్‌లాగా దీని నీళ్ళు పులుసులో పోయొద్దు, వంపేయాలి. ముక్కని మధ్యకి విప్పి, లోపల నల్లగా ఉన్న పొట్ట భాగం వేలితో తీసేస్తే వాసన సగానికి సగం తగ్గుతుంది. కారం, వెల్లుల్లి దండిగా పడే ఇగురుకి ఇది బాగుంటుంది. పలచటి పులుసుకి వద్దు. చిన్నప్పటి నుంచి సముద్రపు చేప అలవాటున్నవాళ్ళకి నచ్చుతుంది. కొర్రమీను, బొచ్చె తప్ప ఎరగనివాళ్ళు మాత్రం సాల్మన్‌తో మొదలుపెట్టండి.

ట్యూనా సంగతికొస్తే, అది పిట్టు కోసమే పుట్టింది. మన తీరం పొడుగునా సొరచేపతో చేసే పిట్టు తిన్నవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. సొరని ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి వేయించాలి. ట్యూనా డబ్బాలో ఆ ముందు పనంతా అయిపోయే ఉంటుంది. పొడిగా ఉండటం ఇక్కడ లోపం కాదు, అదే కావాలి. నీళ్ళలో ఉన్న ట్యూనా తీసుకుని గుప్పిట్లో పెట్టి గట్టిగా పిండాలి. తడి మిగిలితే వేగదు, ముద్దవుతుంది. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి సన్నగా తరిగి, కరివేపాకుతో వేయించి, అల్లం వెల్లుల్లి పచ్చి వాసన పోయాక పసుపు, కారం, ట్యూనా. సెగ కొంచెం పెంచి ఐదారు నిమిషాలు కలుపుతూ ఉంటే గింజ గింజగా విడిపోతుంది. చివర్లో చిటికెడు గరం మసాలా, కొత్తిమీర. పప్పుచారు పక్కన ఇది ఉంటే మా పిల్లలు ఇంకేం అడగరు. మిగిలింది మర్నాడు చపాతీలో చుట్టి ఇస్తాను.

కొనేటప్పుడు చూడాల్సిందేమిటంటే, 5 ఔన్సుల డబ్బా అంటే 142 గ్రాములు. నీళ్ళు వంపాక చేతికొచ్చే చేప మామూలుగా 4 ఔన్సులు, 113 గ్రాములు. ధర పోల్చాల్సింది ఆ రెండో అంకెతోనే. ‘లైట్’ అని రాసి ఉంటే ఎక్కువగా స్కిప్‌జాక్ అనే చిన్న ట్యూనా, ‘వైట్’ అంటే అల్బకోర్. అల్బకోర్ తెల్లగా, పెద్ద ముక్కలుగా బాగుంటుంది కానీ పెద్ద చేప కాబట్టి పాదరసం ఎక్కువ. గర్భిణులు అల్బకోర్‌ని వారానికి ఒకసారికి మించి తినొద్దని ఇక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా. లైట్ ట్యూనా, సాల్మన్, సార్డీన్లు అయితే వారానికి రెండు మూడుసార్లు తినొచ్చన్న జాబితాలో ఉన్నాయి. పిట్టుకి చవకైన లైట్ చంక్ ముక్కలే సరిపోతాయి. కాస్ట్‌కో స్టోర్లో వాళ్ళ సొంత బ్రాండ్ కిర్క్‌లాండ్ అల్బకోర్ 7 ఔన్సుల డబ్బాలు ఎనిమిది కలిపి వస్తాయి. ముక్క గట్టిగా, శుభ్రంగా ఉంటుంది, మేం సాండ్‌విచ్‌లకి వాడతాం. చాలా ట్యూనా డబ్బాల్లో ‘వెజిటబుల్ బ్రాత్’ అని ఒకటి కలుపుతారు, అందులో తరచూ సోయా ఉంటుంది. ఇంట్లో సోయా పడనివాళ్ళుంటే వెనక చీటీ చదవకుండా కొనొద్దు.

సార్డీన్లు వండటానికి కాదు, వండే ఓపిక లేని రోజుకి. కింగ్ ఆస్కర్ అనే బ్రాండ్ డబ్బాలో ఉండేవి బ్రిస్లింగ్ అనే వేలంత చేపలు. ఓక్ కట్టెల పొగ పట్టించి, రెండు వరసలుగా పేరుస్తారు. విడిగా ముల్లు ఉందన్న సంగతే నోటికి తెలీదు. వేడన్నం, ముద్దపప్పు, పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం పిండిన ఈ చేపలు. అంతే, భోజనం. డబ్బాలోని ఆలివ్ నూనె పారబోయకుండా, అందులోనే ఎండుమిర్చి, వెల్లుల్లి వేయించి అన్నం మీద పోసుకుంటాం. మొరాకో నుంచి వచ్చే సార్డీన్లు పెద్దవి, కండ ఎక్కువ, మన కవ్వళ్ళు గుర్తుకొస్తాయి. వీటిలో తోలూ ముల్లూ తీసినవి ‘సీజన్’ అనే బ్రాండ్ వాళ్ళవి కాస్ట్‌కోలో దొరుకుతాయి. చేప వాసనకి ముఖం తిప్పుకునే పిల్లలకి అలవాటు చేయడానికి మంచివి. టమాటా సాస్‌లో ఉన్నవి నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆ సాస్ తియ్యగా, పిండి పిండిగా ఉంటుంది. తప్పక కొనాల్సి వస్తే సాస్ కడిగేసి, మన టమాటా ఉల్లిపాయ ఇగురులో వేసుకోండి. నిమ్మకాయ మిరియాలనీ, థాయ్ చిల్లీ అనీ రకరకాల రుచులు కలిపిన ట్యూనా ప్యాకెట్లు కూడా అంతే. ఇంట్లో కారం డబ్బా ఉన్నవాళ్ళకి వాటి అవసరం లేదు.

నాణ్యత విషయంలో ఇన్నేళ్ళలో గమనించినవి కొన్ని. ఒకసారి సాల్మన్‌లో గాజు పెంకుల్లాంటివి కనిపించి ఇంట్లో అందరం భయపడ్డాం. అవి స్ట్రువైట్ అనే స్ఫటికాలు. చేపలో సహజంగా ఉండే ఖనిజాలే డబ్బాలో అలా గట్టిపడతాయి, హాని లేదు. అనుమానముంటే గోరువెచ్చటి వెనిగర్‌లో వేసి చూడండి. స్ఫటికమైతే కాసేపట్లో కరగడం మొదలవుతుంది, గాజైతే అలాగే ఉంటుంది. దీనికి పూర్తిగా వేరు, ట్యూనా ముక్క మీద తేనెపట్టు మాదిరిగా గుంటలు గుంటలుగా కనిపించడం. చేప డబ్బాలో పడకముందే చెడిందనడానికి అది గుర్తు. ఓ చవక బ్రాండ్‌లో నాకు అది ఎదురైంది, డబ్బా మొత్తం పారేశాను, ఆ బ్రాండ్ మళ్ళీ కొనలేదు. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమన్నా అక్కడితో ఆపేయాలి. అది హిస్టమిన్, చేప చెడినప్పుడు పుట్టే హానికర పదార్థం, ఎంత మరిగించినా పోదు. ఉబ్బిన డబ్బా, అంచు కుట్టు దగ్గర సొట్టపడ్డ డబ్బా ఎంత తగ్గింపు ధరకి ఇచ్చినా ముట్టుకోవద్దు.

డబ్బా చేప చేయలేనివీ ఉన్నాయి. కారం పట్టించి పెనం మీద వేయించే ముక్క కావాలంటే దీనితో కుదరదు, తిప్పేలోపే విడిపోతుంది. బిర్యానీకి అసలే వద్దు. వైజాగ్‌లోనో కాకినాడలోనో పొద్దున్నే పడవ దగ్గర చేప కొనుక్కోగలిగినవాళ్ళకి ఇదేమీ అక్కర్లేదు, వాళ్ళు అదృష్టవంతులు. ఇది దూరాన ఉన్నవాళ్ళ కోసం, పెనం మీద చేప వేస్తే పొగకి అలారం మోగే అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళ కోసం. పులుసుకి, పిట్టుకి ఆ గోల ఉండదు. తిన్నాక ఖాళీ డబ్బాని వేడి నీళ్ళతో కడిగి చెత్తలో వేస్తే మర్నాడు వంటింట్లో వాసన కూడా రాదు.

తెరిచిన డబ్బాలో చేప మిగిలితే గాజు గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెడతాను, రెండు మూడు రోజుల్లో వాడేస్తాం. సాల్మన్ మిగిలితే ఉడికించిన బంగాళాదుంప, పచ్చిమిర్చి, ఓ గుడ్డు కలిపి, ఎముక బిళ్ళలు కూడా అందులోనే నలిపేసి, బ్రెడ్ పొడి అద్ది కట్లెట్లు చేస్తాను. పులుసు మిగిలితే మాత్రం ఆఫీసుకి తీసుకెళ్ళను, అక్కడి మైక్రోవేవ్ అందరిదీ. మర్నాడు పొద్దున ఇంట్లోనే దోసెల్లోకి తినేస్తాం.