వేడంతాంగల్ పక్షుల అభయారణ్యం: ఒక సందర్శకుని సమీక్ష

చెన్నై నుండి తాంబరం, చెంగల్పట్టు మీదుగా వెళ్ళి పడాళం వద్ద మళ్ళితే దాదాపు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న వేడంతాంగల్, విస్తీర్ణంలో సుమారు 30 హెక్టార్ల చిన్న చెరువే అయినా, నవంబరు నుండి మార్చి వరకు వేలాది పక్షులకు నివాసంగా ఉంటుంది. నీటిలో మునిగి నిలిచిన చెట్లపై ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, గూడబాతులు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు పక్కపక్కనే గూళ్ళు కట్టి పిల్లలను సాకుతుంటే, ఉత్తరాది దేశాల నుండి వలస వచ్చిన సూదితోక బాతులు నీటిపై తేలుతూ కనిపిస్తాయి.

ఈ చెరువును కాపాడినది మొదట చట్టం కాదు, ఊరి రైతులు. పక్షుల రెట్టలు కలిసిన నీరు పొలాలకు ఎరువుగా పనిచేస్తుందని గ్రహించి, వేటగాళ్ళను తరతరాలుగా అడ్డుకున్న వారి వివేకం నాకు పక్షులంతటి ముచ్చట గొలిపింది. 2022లో దీనికి అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు లభించింది.

గట్టు వెంబడి నడకదారి, పరిశీలన గోపురం ఉన్నాయి. దుర్భిణి మాత్రం వెంట తీసుకువెళ్ళాలి. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల అభయారణ్యం చూసిన మన తెలుగువారికి ఇక్కడి గూడబాతులు కొత్త కాకపోవచ్చును గాని, ఇన్ని జాతులను గట్టుపై నుండే ఇంత దగ్గరగా చూడగలగడం అరుదు. వానలు తక్కువైన సంవత్సరం చెరువు నిండదు, పక్షులూ తగ్గుతాయి. కనుక ఈశాన్య రుతుపవనాల తీరు తెలుసుకొని బయలుదేరండి. సెలవు రోజుల్లో కొందరు సందర్శకులు వేసే కేకలు గూళ్ళలోని పక్షులను బెదరగొడతాయి కాబట్టి, పిల్లలతో పని దినాల్లో, తెల్లవారుజామున గాని సాయంత్రం పక్షులు తిరిగివచ్చే వేళ గాని వెళ్ళవలసిందిగా గట్టిగా కోరుతున్నాను.