"గ్రీన్ షిఫ్టింగ్" అని ఎక్కువ డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

ఇల్లు మారే పనిలో ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పర్యావరణానికి హాని లేకుండా సామాను చేరుస్తామన్న ఒక ప్యాకర్స్ కంపెనీని నమ్మి, మామూలు రేటు కంటే 5,500 రూపాయలు ఎక్కువ కట్టి మోసపోయాం. డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది, అది కూడా చెప్తాను.

మొన్న శ్రావణమాసంలో హైదరాబాద్‌లోనే నిజాంపేట నుంచి నాగోలుకి మారాం. ఆషాఢం అయిపోగానే అందరూ ఒకేసారి కదులుతారు కాబట్టి రేట్లు మండిపోతున్నాయి. రెండు బెడ్‌రూముల ఇంటి సామానుకి మామూలు వాళ్లు 11,000 అడిగారు, వీళ్లు 16,500 చెప్పారు. మా ఆయన వద్దన్నారు, నేనే పట్టుబట్టాను. కిందటిసారి ఇల్లు మారినప్పుడు మేం వదిలేసిన థర్మోకోల్ ముక్కలు, కవర్లు వీధి చివర నెలల తరబడి గాలికి ఎగురుతుంటే చూశాను. మళ్లీ ఆ పాపం వద్దనుకున్నాను.

వాళ్ల ఆఫీసు అమ్మాయి వాట్సాప్‌లో పంపిన మాటలు ఇవి: అట్టపెట్టెలకు బదులు మళ్లీ మళ్లీ వాడే ప్లాస్టిక్ క్రేట్లు 40, ఫర్నిచర్‌కి చుట్టడానికి దుప్పట్లు, తప్పనిసరైతే బయోడిగ్రేడబుల్ కవర్లు, సామాను మొత్తం ఎలక్ట్రిక్ బండిలో, మాకు అక్కర్లేని పాత వస్తువులు వృద్ధాశ్రమానికి, మా పేరు మీద ఒక మొక్క. అడ్వాన్స్ 5,000 ఫోన్‌పే చేశాం.

ఆ రోజు వచ్చిన బండి నంబర్ ప్లేటు పసుపు, దాని మీద నల్ల అక్షరాలు. కిరాయికి తిరిగే ఎలక్ట్రిక్ బండికి ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. ఇది తెలిస్తే ఎవరైనా గేటు దగ్గరే గుర్తుపట్టచ్చు. పైగా స్టార్ట్ చేయగానే డీజిల్ పొగ మా మెట్ల దాకా వచ్చింది. అడిగితే "ఛార్జింగ్ ప్రాబ్లం మేడం, ఈ ఒక్కరోజే" అన్నాడు సూపర్‌వైజర్. నిజానికి చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కులు చాలావరకు 600 కిలోల నుంచి టన్ను దాకానే మోస్తాయి. మా సామానుకి రెండు ట్రిప్పులైనా పట్టేవి. ఆ సంగతి వాళ్లకు ముందే తెలియదా? డీజిల్ బండే అయినా ఒక్క ట్రిప్పులో నిండుగా వెళ్లడం నాకు తప్పుగా అనిపించదు. నిజం చెప్పి ఉంటే ఒప్పుకునేదాన్ని.

40 క్రేట్లన్నారు కదా, దించింది 9. మిగతావన్నీ కొత్త అట్టపెట్టెలే. పాపం, పనివాళ్ల తప్పేమీ లేదు. వాళ్లలో ఒక కుర్రాడు నేను ఇచ్చిన మజ్జిగ తాగుతూ మెల్లగా చెప్పాడు, "మొత్తం కంపెనీకి ఉన్న డబ్బాలే యాభై మేడం. ఇయాల మూడు షిఫ్టింగులున్నయ్." దుప్పట్లు రెండే తెచ్చారు. అవి బీరువాకి, ఫ్రిజ్‌కి సరిపోయాయి. సోఫా, డైనింగ్ టేబుల్, వాషింగ్ మెషీన్, చివరికి స్టీలు బిందెతో సహా అన్నింటికీ ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టలు చుట్టలుగా చుట్టి, పైన బ్రౌన్ టేపు వేసేశారు. స్టీలు బిందెకి ప్లాస్టిక్ ఎందుకయ్యా అంటే "కంపెనీ రూలు" అన్నారు.

అది బయోడిగ్రేడబుల్ ఫిల్మే అని సూపర్‌వైజర్ వాదించాడు. రోలు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ తప్ప ఏమీ లేదు. ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మన దేశంలో కంపోస్టబుల్ ప్లాస్టిక్, అంటే కుళ్లి ఎరువయ్యే రకం, అమ్మాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి, దానికి ఐఎస్ 17088 అనే ప్రమాణం ఉంది. సరుకు మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు లేకపోతే ఆకు బొమ్మని నమ్మకండి. సర్టిఫికెట్ ఉన్నది కూడా కంపోస్ట్ ప్లాంటులో, తగినంత వేడి మధ్య కుళ్లడానికి తయారైందే. మన పెరట్లోనో చెరువు గట్టు మీదో పడేస్తే మట్టిలో కలిసిపోతుందనుకోవడం పొరపాటు.

కొత్త ఇంట్లో పాలు పొంగించిన మర్నాడు ఆ ఫిల్మ్, టేపు, బబుల్ షీట్ అంతా ఒక పాత దుప్పటిలో మూట కట్టి, ఊరెళ్లేటప్పుడు లగేజీ తూచుకునే కొక్కెం కాటాకి తగిలించాను. 6 కిలోల 400 గ్రాములు. పాత సామాన్ల కొట్టు అతను చేత్తో పట్టి చూసి వెనక్కి ఇచ్చేశాడు. శుభ్రంగా ఉన్న ఫిల్మ్ అయితే తీసుకుంటాడట. టేపు అంటుకున్నది రీసైక్లింగ్‌కి పనికిరాదు కాబట్టి ఎవరూ కొనరట. నేనూ మా అమ్మాయీ కూర్చుని కత్తెరతో టేపు ఉన్నచోటల్లా కత్తిరించాం. రెండు సాయంత్రాలు పట్టింది. అలా నాలుగు కిలోల దాకా పనికొచ్చింది, మిగతాది చెత్త ఆటోలో వేయక తప్పలేదు.

ఇక అసలు విషయం. మా అత్తయ్యకి ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన దూది పరుపు ఒకటి ఉండేది. ఎర్ర గీతల గలీబు, ఒక మూల చిరిగితే ఆవిడే తన పాత నీలం చీర ముక్క వేసి కుట్టింది. ఆవిడ పోయాక మూడేళ్లుగా అటక మీదే ఉంది. కొత్త ఇంట్లో అటక లేదు. దూది ఏకించి, కొత్త గలీబు కుట్టించి వృద్ధాశ్రమంలో ఇస్తామని వాళ్లన్నారు. నాకు కళ్లు చెమర్చాయి, ఆవిడ పేరు చెప్పి ఇవ్వండి అని కూడా అన్నాను. పరుపుతో పాటు రెండు కుర్చీలు, పాత మిక్సీ, మూడు సంచుల బట్టలు ఇచ్చాం. "పాత సామాను సేవా చార్జీ" అని వీటికి వేరేగా 1,200 తీసుకున్నారు.

పది రోజుల తర్వాత ఇంటి అడ్వాన్స్ కోసం పాత ఓనరమ్మ దగ్గరికి వెళ్లాం. డబ్బు చేతిలో పెడుతూనే ఆమె అడిగింది, "ఆ కుంటకాడ పడున్నది మీ పరుపేనా, జర చూడమ్మా." వెళ్లి చూశాం. వానకి నాని, బురదలో సగం కూరుకుపోయి ఉంది. ఒక మూల నీలం గుడ్డ ముక్క కనిపించింది. పక్కనే మా బట్టల సంచి ఒకటి విప్పేసి ఉంది, కొన్ని కాల్చేశారు. మిక్సీ, కుర్చీలు లేవు. అమ్ముడుపోయేవి అమ్ముకుని మిగతావి అక్కడ పడేశారన్నమాట. మా ఆయన పరుపు లేపబోతే చేతిలోనే చిరిగిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

అందుకే మీ అందరికీ చేతులు జోడించి చెప్తున్నాను, దానం ఇవ్వాలనుకున్న వస్తువులు మాత్రం షిఫ్టింగ్ వాళ్ల చేతికి ఇవ్వకండి. ఆటో కట్టించుకుని మీరే తీసుకెళ్లి ఇవ్వండి. ఏ ఆశ్రమానికైనా ముందు ఫోన్ చేసి ఏం కావాలో అడిగితే వాళ్లే చెప్తారు.

ఫోన్ చేస్తే కంపెనీ వాళ్లు ముందు పట్టించుకోలేదు. మొక్క నాటిన ఫొటో అని ఒకటి పంపారు. అదే వేప మొక్క, అదే చేయి, వాళ్ల పాంప్లెట్ మీద ఉన్న ఫొటోనే. బిల్లు తీసి చూస్తే అందులో "షిఫ్టింగ్ చార్జీలు" అని ఒక్క ముక్కే ఉంది. క్రేట్లు, ఎలక్ట్రిక్ బండి, దుప్పట్లు అనే మాటే లేదు. ఇది నేను చేసిన పెద్ద తప్పు. వాళ్లు చెప్పిన ప్రతి మాటా కొటేషన్‌లో, బిల్లులో రాయించుకోవాలి: క్రేట్లు ఎన్ని, బండి నంబరు ఏంటి, పాత సామాను ఏ సంస్థకి, అక్కడి నుంచి రసీదు ఎప్పుడిస్తారు. రాయడానికి వెనకాడితే అక్కడితో ఆపేయండి. వాట్సాప్ చాట్ డిలీట్ చేయకపోవడం మాత్రం మమ్మల్ని కాపాడింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాం. "గ్రీన్", "ఎకో ఫ్రెండ్లీ" లాంటి మాటలు ఆధారం చూపించకుండా ప్రకటనల్లో వాడకూడదని 2024 అక్టోబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చిందని ఈ గొడవలోనే తెలిసింది. ఫిర్యాదు నంబరు పంపిన నాలుగో రోజు 1,200 తిరిగి వేశారు. మిగతా 5,500 కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. మనం కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ కేసుకి ఫీజు ఉండదు, ఆన్‌లైన్‌లోనే వేయచ్చు. చిన్న మొత్తమని వదిలేయకండి.

విజయవాడలో మా అక్క గత నెల ఇల్లు మారింది. కిరాణా కొట్టులో అట్టపెట్టెలు అడిగి తెచ్చుకుంది, గిన్నెల మధ్య పాత నూలు చీరలు పెట్టింది, బియ్యం గోనెల్లో పుస్తకాలు సర్దింది. ముందే సగం సామాను తగ్గించుకుంది కాబట్టి ఒక్క బండిలో అయిపోయింది. గాజు సామాను ఒక్కటీ పగల్లేదు. మా ఇంట్లో ప్లాస్టిక్ చుట్టిన డిన్నర్ సెట్‌లో రెండు ప్లేట్లు పగిలాయి.

మా దగ్గర ఆ షిఫ్టింగ్ అట్టపెట్టెలు 27 ఉన్నాయి, టేపు తీసి మడిచి పెట్టాను. ఇంకో రెండుసార్లు బాగా పనికొస్తాయి. నాగోలు, ఉప్పల్ వైపు ఎవరైనా ఇల్లు మారుతుంటే మెసేజ్ పెట్టండి. డబ్బులేమీ వద్దు, మీ పని అయ్యాక ఇంకొకరికి ఇవ్వండి, చాలు.