రీఫ్ రాళ్లకు ఎపాక్సీ పుట్టీ: జిగురు అనుకుని కొనకండి

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, రాళ్లు అతికించడానికని కడ్డీల్లా అమ్ముతారే, ఆ రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ గురించి. నీళ్లలోనే గట్టిపడుతుందని ప్యాకెట్ మీద ఉంటుంది. నిజమే, గట్టిపడుతుంది. కానీ గట్టిపడటం వేరు, అతుక్కోవడం వేరు. తడి రాయికి దీని పట్టు అంతంతమాత్రం, ముద్ద పెట్టి నొక్కితే కొన్ని గంటల్లో బండలా బిగుసుకుంటుంది గానీ పక్కకి గట్టిగా లాగారంటే రాయి అచ్చు దిగిన ముద్ద ముద్దంతా ఊడి చేతిలోకి వస్తుంది. రాయికి కన్నాలు, గరుకు బాగా ఉంటే వాటిలోకి దూరి నిలబడుతుంది, నున్నటి రాయైతే కష్టమే.

మరి ఎందుకు కొనాలంటే, సందులు నింపడానికి దీన్ని మించింది లేదు. సూపర్ గ్లూ జెల్ సంగతి దీనికి రివర్స్: తేమ తగిలితే చాలు పట్టేస్తుంది, కానీ పెళుసు, సందు పెద్దదైతే పనికిరాదు. రెండూ కలిపి వాడితేనే మజా. పుట్టీ ముద్దకి రెండు వైపులా జెల్ రాసి రాళ్ల మధ్య పెట్టి, కాస్త తిప్పుతూ నొక్కి, కదలకుండా వదిలేయండి. ట్యాంకు బయట పొడి రాళ్లతో కట్టుకునేవాళ్లకైతే పుట్టీ కూడా అక్కర్లేదు, సందులో రాతి పొడి పోసి పల్చటి సూపర్ గ్లూ చుక్కలు వేస్తే చూస్తుండగానే బిగుసుకుపోతుంది. (పొడి బదులు దూది మాత్రం పెట్టొద్దు, సూపర్ గ్లూ తగిలితే వేడెక్కి పొగలొస్తాయి.)

ఆర్చీలు, గాల్లోకి చాచిన అరల్లాంటివి కట్టాలంటే మాత్రం జిగుర్లను నమ్ముకోవద్దు. రాయికి డ్రిల్ వేసి ఫైబర్‌గ్లాస్ కడ్డీ దూర్చండి, బరువు దాని మీద పడాలి, పుట్టీ కేవలం కదలకుండా పట్టుకోవడానికి. ఇనుప కడ్డీ వద్దు, ఉప్పునీళ్లలో తుప్పు పడుతుంది. సిమెంట్ కూడా గట్టిదే, కానీ నీళ్ల పీహెచ్ (క్షారగుణం) పెంచేస్తుంది కాబట్టి ముందు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఓపిక పట్టాలి. ఇంకోటి, ఎంత బాగా అతికించినా అడుగు రాయిని ఇసుక మీద కాకుండా నేరుగా ట్యాంకు అడుగునే ఆనించండి, గోబీ చేపలు, పిస్టల్ రొయ్యలు కింద ఇసుక తవ్వేస్తే కట్టడమంతా ఒరిగిపోతుంది.

నాకు నచ్చనిది స్కిమ్మర్ (నీళ్లలోని మలినాలను నురగలా పైకి తెచ్చి ఓ కప్పులోకి తోసే పరికరం) గోల. ఒకేసారి ఎక్కువ పుట్టీ వాడితే నురగ పిచ్చిపిచ్చిగా పొంగి కప్పు నిండిపోతుంది. దానంతట అదే తగ్గుతుంది, ఈలోగా కప్పు మీద ఓ కన్నేసి ఉంచండి. కోరలైన్ ఆల్గేలో (రాళ్ల మీద పొరలా పెరిగే ఊదా రంగు నాచు) కలిసిపోతుందని అమ్మే ఊదా రంగు పుట్టీ కూడా నాకు ఎక్కలేదు, అసలు ఆల్గే వచ్చి కప్పేదాకా చూయింగ్ గమ్ అంటించినట్టే ఉంటుంది, బూడిద రంగు దొరికితే అదే తీసుకోండి.

గ్లవ్స్ వేసుకుని, పుట్టీ రెండు భాగాల రంగులూ చారలు లేకుండా ఒక్క రంగయ్యేదాకా పిసకాలి, చార మిగిలితే అక్కడ మెత్తగానే ఉండిపోతుంది. పిసికేటప్పుడు పలుకులు పలుకులుగా తగిలితే అది పాత సరుకే, వెనక్కిచ్చేయండి.