కెప్లర్ జీఎల్, ఫ్లోమ్యాప్ బ్లూ: బాగా వాడాక చెప్తున్నా

మనుషులు ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎప్పుడు కదిలారో బ్రౌజర్‌లోనే మ్యాప్ మీద చూపించడానికి చాన్నాళ్లుగా ఈ రెండు వెబ్ టూల్సే వాడుతున్నా. రెండూ ఫ్రీ, ఇన్‌స్టాల్ గొడవ లేదు, కానీ ఒకదాని పని ఇంకోదానితో చేయించాలని చూస్తే మాత్రం తలనొప్పే.

కెప్లర్‌ని ఊబర్ వాళ్లు 2018లో ఓపెన్ సోర్స్ చేశారు, అంటే కోడ్ అందరికీ తెరిచేశారు. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) లాగి పడేసి టైమ్ కాలమ్ మీద ఫిల్టర్ పెడితే కింద స్లైడర్ వస్తుంది, ప్లే నొక్కితే పొద్దున్నించి రాత్రి దాకా ఊరంతా ఎలా కదిలిందో కనిపిస్తుంది. అసలు మజా ట్రిప్ లేయర్‌లో ఉంది, తోకలేసుకుని పరిగెత్తే గీతలు! కాకపోతే దీనికి జియోజేసన్ (మ్యాప్ మీది పాయింట్లు, గీతలు రాసిపెట్టే ఫైల్) ఇచ్చేటప్పుడు ప్రతి పాయింట్‌లో లాంగిట్యూడ్, లాటిట్యూడ్, ఎత్తు, టైమ్ ఇదే వరస ఉండాలి, ఎత్తు తెలీకపోతే సున్నా పెట్టండి గానీ వదిలేయొద్దు. మొదటి రెండూ తారుమారైతే హైదరాబాద్ ఆటో (78.48, 17.38) నేరుగా ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల మంచులో తేలుతుంది, నిజంగానే.

నాకు నచ్చనిది ఏంటంటే, రెండు జీపీఎస్ పాయింట్ల మధ్య గ్యాప్ ఎంతున్నా తిన్నగా గీత గీసేస్తుంది. విజయవాడలో వారధి ఎక్కకుండానే మనిషి కృష్ణ దాటేస్తాడు! యానిమేషన్ అంత స్మూత్‌గా ఉంటే చూసేవాళ్లకి అనుమానం కూడా రాదు, అదే డేంజర్.

దారి తెలీదు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎంతమంది అన్నదే తెలుసు అంటే ఫ్లోమ్యాప్ బ్లూకి వెళ్లండి. గూగుల్ షీట్‌లో ఊళ్లు ఒక ట్యాబ్, రాకపోకల లెక్క ఇంకో ట్యాబ్, అంతే. జూమ్ అవుట్ చేస్తే దగ్గర ఊళ్లని అదే కలిపేస్తుంది. 2011 సెన్సస్ వలస పట్టికలకి దీన్ని మించింది నాకు దొరకలేదు (అప్పటికి రాష్ట్రం విడిపోలేదు కదా, గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్లు రాష్ట్రం లోపలి వలస కింద ఉంటారు, చూస్కోండి).

ప్రైవసీ సంగతి. కెప్లర్‌లో ఫైల్ మీ బ్రౌజర్ దాటి పోదు, కానీ హెచ్‌టీఎంఎల్‌గా (వెబ్ పేజీ ఫైల్‌గా) ఎక్స్‌పోర్ట్ చేసి పంపితే డేటా కూడా అందులోనే పోతుంది. ఫ్లోమ్యాప్‌కి షీట్‌ని లింక్ ఉన్నవాళ్లందరికీ తెరవాలి, కాబట్టి సొంత ఫోన్ లొకేషన్లు అందులో పెట్టకండి, రాత్రి పూట పాయింట్ ఎక్కడ ఆగిందో చూస్తే ఇల్లు ఏదో చిన్న పిల్లాడైనా చెప్తాడు.

ఇంకోటి, క్రోమ్‌లో అయితే ఫైల్ 250 ఎంబీ లోపు ఉంచమని కెప్లరే చెప్తుంది, పాత ల్యాప్‌టాప్ అయితే అంతకు ముందే ఫ్యాన్ మొదలెడుతుంది.