ట్రెజర్ హంట్ పాత ఎపిసోడ్లు చూశా, హెలికాప్టర్ కోసం పెడితే మ్యాపుల పిచ్చి పట్టుకుంది

బ్రిటన్‌లో ఛానల్ 4 లో 1982 చివర్లో మొదలై 1989 దాకా వచ్చిన షో ఇది. హెలికాప్టర్ ఉంది కదా ఏవో ఛేజింగులుంటాయని పెట్టా, తీరా చూస్తే అసలు మజా అంతా స్టూడియోలో పుస్తకాల మధ్య తలలు పట్టుకుని కూర్చునే ఇద్దరు పోటీదారుల దగ్గరుంది.

ఆ ఇద్దరికీ మ్యాపులు, రిఫరెన్స్ పుస్తకాలు ఇస్తారు. బయట పల్లెల మీద హెలికాప్టర్లో, వీళ్ళు చెప్పిన చోటికి వెళ్ళి క్లూలు వెతికే అనెకా రైస్ రెడీగా ఉంటుంది. అయిదు క్లూలు, 45 నిమిషాలు, అన్నీ దొరికితే వెయ్యి పౌండ్లు. మెలికేంటంటే స్టూడియోవాళ్ళకి ఆమె కనబడదు, రేడియోలో గొంతు వినబడుతుందంతే. మనకేమో అంతా కనిపిస్తుంటుంది, ఆమె సరైన గేటు దాటేసి రొప్పుకుంటూ పరిగెడుతుంటే వీళ్ళు ఇంకా పేజీలు తిప్పుతుంటారు, ఇక్కడ మనం "అమ్మా తల్లీ వెనక్కి తిరుగు" అని టీవీ మీద అరుస్తుంటాం. ఇంత గోలలోనూ హోస్టు కెనెత్ కెండాల్ మాత్రం నిమ్మళంగా ఉంటాడు, ఒకప్పుడు బీబీసీలో వార్తలు చదివినాయన కదా మరి.

క్లూలు సూటిగా ఉండవు, మన గడినుడిలో ఆధారాల్లాగే పైకి ఒకటి లోపల ఇంకోటి. మాదిరికి నేనే ఒకటి అల్లా చూడండి: "రాజూ జాలరీ కలిసి ఎగిరే చోట గొంతు తడుపుకో". రాజు కింగు, జాలరి ఫిషరు, కలిపితే కింగ్‌ఫిషర్ పిట్ట, గొంతు తడుపుకోవాలంటే పబ్బు, అంటే ఆ చుట్టుపక్కల ఆ పేరున్న పబ్బు వెతకాలన్నమాట. పేరు తట్టినా పని అయిపోదు, అదెక్కడుందో మ్యాపులో పట్టుకుని హెలికాప్టర్‌కి దారి చెప్పాలి, ఈలోపు గడియారం ఆగదు.

నా సలహా, బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ల్యాండ్‌రేంజర్ మ్యాపు పక్కన పెట్టుకుని చూడండి. 1:50,000 స్కేలు, అంటే నేల మీద కిలోమీటరు కాగితం మీద 2 సెంటీమీటర్లు, గ్రేట్ బ్రిటన్ మొత్తానికి 204 షీట్లు, ఎపిసోడ్ ఏ ప్రాంతానిదో ఆ షీటు చాలు. అందులో చర్చిలకి మూడు రకాల గుర్తులుంటాయి. నల్ల చతురస్రం మీద శిలువ ఉంటే టవరున్నది, నల్ల చుక్క మీద శిలువ ఉంటే మొనదేలిన శిఖరమో డోమో ఉన్నది, ఉత్త శిలువైతే ఈ హంగులేం లేనిది. క్లూలో సూదినో శూలాన్నో తలపించే మాట పడిందా, చుక్క ఉన్నవాటి మీదే వేలు పెట్టొచ్చు. ఇది తెలిశాక నేను పాజ్ కొట్టకుండా ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు!

విసుగొచ్చేవీ ఉన్నాయి. పరిగెత్తేటప్పుడు కెమెరా మరీ ఆమె వెనకాలే పడుతుంది, ఆ ఊగుడికి కళ్ళు తిరుగుతాయి. పైగా ఇంగ్లండ్ జమీందార్ల చరిత్ర, సెయింట్ల పేర్లు తెలియకపోతే సగం క్లూలు నెత్తి మీంచి పోతాయి. 1989 లో అనెకా బదులు టెన్నిస్ ప్లేయర్ అనబెల్ క్రాఫ్ట్ వచ్చింది, పరుగులో ఢోకా లేదు గానీ అనెకా దారిన పోయేవాళ్ళని చటుక్కున మాటల్లో పెట్టి దారి అడిగే తీరు నాకు ఎక్కువ నచ్చింది.

అయిదుకి నాలుగు. స్టూడియోవాళ్ళ కన్నా ముందు నేను చోటు కనిపెట్టింది ఇప్పటికి ఒకేఒక్కసారి, అదీ ఆ నల్ల చుక్క పుణ్యమే.