ప్రొజెక్టర్ రూమ్‌లో ఆపరేటర్ ఉండాలా, ఆటోమేషన్ సరిపోతుందా?

"సినిమా ఫైళ్లు నడిపే సర్వర్ దానంతటదే షో మొదలుపెడుతోంది, లైట్లు అదే ఆర్పుతోంది, షో అయ్యాక మళ్లీ అదే వెలిగిస్తోంది. ఇంకా ఆపరేటర్ ఎందుకు?" థియేటర్లు నడిపే మిత్రులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఈ మధ్య వరకు సూటిగా జవాబు చెప్పలేదు. నేను సాంకేతిక పనులు చూసే నాలుగు తెరల థియేటర్‌లో ఇదే నిర్ణయం నా చేతికి వచ్చేసరికి కూర్చుని ఆలోచించక తప్పలేదు. మా ముందున్నవి రెండు దారులు. ప్రొజెక్టర్ క్యాబిన్‌కి తాళం వేసేసి, ఎక్కడో ఉన్న కంట్రోల్ సెంటర్ నెట్ ద్వారా అన్నీ చూసుకునే పూర్తి ఆటోమేషన్ ఒకటి. అదే ఆటోమేషన్‌తో పాటు షోల వేళ ఒక ఆపరేటర్‌ను కూడా ఉంచుకోవడం రెండోది.

ఆటోమేషన్ డిజిటల్‌తోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆపరేటర్ పని కొంచెం కొంచెంగా ఎప్పటి నుంచో యంత్రాలకు పోతూనే ఉంది. రెండు ప్రొజెక్టర్ల కాలంలో 2,000 అడుగుల రీలు దాదాపు 22 నిమిషాలు నడిచేది. రీలు చివర తెర కుడి పైమూలలో చుక్క కనిపించగానే రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి. కొన్ని సెకన్లకు రెండో చుక్క పడగానే బొమ్మను ఇటు నుంచి అటు మార్చాలి. ఈలోగా ప్రొజెక్టర్‌కి వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు కాలి అరిగేకొద్దీ వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఉండాలి. అంటే అప్పట్లో ఆపరేటర్ తెర మీద నుంచి కళ్లు తిప్పుకునే వీలే లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

1950లలో జినాన్ దీపాలు వచ్చాక కార్బన్ గొడవ తగ్గుతూ వచ్చింది. తర్వాత ప్లాటర్ అనే పళ్లేల యంత్రం వచ్చింది. రెండు గంటల సినిమా అంటే 10,800 అడుగులు, సుమారు 3.3 కిలోమీటర్ల ఫిల్ము. దాన్నంతా అతికించి ఒకే పెద్ద పళ్లెం మీద పరిచేవారు. ఫిల్ము మధ్యలోంచి బయటికి వచ్చి, ప్రొజెక్టర్ గుండా వెళ్లి, ఇంకో పళ్లెం మీద చుట్టుకునేది. రీలు మార్చే పని లేదు, రీవైండ్ లేదు. ఫిల్ము అంచున అంటించిన రేకు ముక్కను సెన్సర్ పసిగట్టి హాల్లో లైట్లు ఆర్పేది. ఒకే ఆపరేటర్ చాలా తెరలు చూసుకోవడం అలా సాధ్యమైంది.

ఫిల్ము తెగితే ప్లాటర్ సిస్టమ్ వెంటనే మోటారు ఆపి, దీపం ముందు మూత వేసేది. ఆ పనిలో మనిషి కన్నా వేగం దానిదే. కానీ దారిలో ఎక్కడో దుమ్ము రేణువు ఇరుక్కుని ఫిల్ము పొడవునా గీత పడుతుంటే మాత్రం దానికి ఏమీ తెలిసేది కాదు. యంత్రం లెక్కలో షో బాగానే నడుస్తోంది. హాల్లో వాళ్లకు మాత్రం ప్రతి ముఖం మీదా నిలువు గీతే. ఆపరేటర్ ఇంకో తెర దగ్గర ఉంటే, ఆ గీత మొత్తం ప్రింట్‌ను పాడుచేసేది.

ఇక డిజిటల్ సంగతి. 2005లో హాలీవుడ్ స్టూడియోల కూటమి డీసీఐ డిజిటల్ సినిమాకు తన స్పెసిఫికేషన్ ఇచ్చాక సినిమా హార్డ్‌డిస్క్‌లో డీసీపీ అనే ఫైళ్ల కట్టగా రావడం మొదలైంది. ఇక్కడ ఆటోమేషన్ చేసే మేలు చాలా ఉంది. డీసీపీ కాపీ అయ్యేటప్పుడు ఫైలు చెడిందో లేదో సర్వర్ సరిచూస్తుంది. డీసీపీ తాళం తీసే డిజిటల్ తాళంచెవి కేడీఎం రాలేదన్నా, దాని గడువు షో టైముకి సరిపోదన్నా, థియేటర్ షోలన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్ టీఎంఎస్ ముందుగానే హెచ్చరిస్తుంది. ఫ్యాను ఆగినా, డిస్కు పోతున్నా కంట్రోల్ సెంటర్‌లో తెలిసిపోతుంది. ఫైర్ అలారం మోగితే షో ఆగి లైట్లు వెలిగేలా కలిపి పెట్టుకోవచ్చు. ఎంత అనుభవమున్న ఆపరేటరైనా సర్వర్ లోపల డిస్కు పాడవుతోందని పైనుంచి చూసి చెప్పలేడు. షో సమయానికి మొదలవడమే మీకు ముఖ్యమైతే పూర్తి ఆటోమేషన్‌దే పైచేయి, అందులో అనుమానం లేదు.

నా దృష్టిలో మాత్రం తేల్చాల్సిన ప్రశ్న అది కాదు. తెర మీద ఏం పడుతోందో ఎవరు చూస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

కొన్ని నెలల క్రితం ఆపరేటర్ లేని ఒక థియేటర్‌లో సినిమాకి వెళ్లాను. మామూలు 2డీ సినిమా. మొదటి సీను నుంచే బొమ్మ మబ్బుపట్టినట్టుంది. రాత్రి సీన్లలో ఎవరు మాట్లాడుతున్నారో కూడా తెలియడం లేదు. అంతకుముందు షో 3డీ. దానికోసం ప్రొజెక్టర్ ముందు పెట్టిన పోలరైజర్ ఫిల్టర్‌ను తీయడం మర్చిపోయారు. అది సగానికి పైగా వెలుగును మింగేస్తుంది. తెర మీద ఉండాల్సిన వెలుగు 14 ఫుట్-ల్యాంబర్ట్‌లు, అంటే చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. ఆ రోజు అందులో సగం కూడా లేదు. నేను బయటికొచ్చి చెబితే సిబ్బంది కంట్రోల్ సెంటర్‌కి ఫోన్ చేశారు. "అన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి" అని జవాబు వచ్చింది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. దీపం వెలుగుతోంది, సర్వర్ నడుస్తోంది, లాగ్‌లో ఒక్క తప్పూ లేదు. నాకు బాధ కలిగించింది ఏమిటంటే, నాతో పాటు కూర్చున్న వాళ్లలో చాలామంది సినిమానే అలా తీశారనుకున్నారు. ఒక ఛాయాగ్రాహకుడు నెలల తరబడి పడ్డ కష్టం ఆ ఫిల్టర్ దగ్గరే ఆగిపోయింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ప్రొజెక్టర్ ముందుండే పోర్ట్ గాజు మీద దుమ్ము పేరుకుంటే బొమ్మ మసకబారుతుంది, ప్రొజెక్టర్ లోపలి సెన్సర్‌కి అది కనిపించదు. లెన్స్ వేడెక్కి ఫోకస్ కొద్దిగా జారినా అంతే. ఒక పక్క సరౌండ్ స్పీకర్ మూగబోయినా చాలా సిస్టమ్‌లు పట్టించుకోవు. వెడల్పు ఎక్కువుండే 2.39 స్కోప్ సినిమాను, వెడల్పు తక్కువుండే 1.85 ఫ్లాట్ సెట్టింగ్‌లో పెడితే, చెప్పినట్టే చేస్తుంది యంత్రం. హాల్లో కెమెరా పెట్టి దూరం నుంచి చూస్తామనే వాళ్లున్నారు. చీకట్లో కెమెరా తన ఎక్స్‌పోజర్ తానే సర్దుకుంటుంది కాబట్టి వెలుగు తగ్గిన సంగతి దాచేస్తుంది. అసలు బొమ్మ వస్తోందా లేదా తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

మిగతా దారుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్రతి షోకీ చేత్తో ప్లే నొక్కే పద్ధతి ఒక్క తెర ఉన్నచోట నడుస్తుంది, నాలుగు తెరలకు అనవసరపు టెన్షన్. 70 ఎంఎం ఫిల్ము వేసే కొద్ది థియేటర్లకు ఈ చర్చే అక్కర్లేదు, అక్కడ నేర్పున్న మనిషి తప్పనిసరి.

చివరికి మేము ఆటోమేషన్ మొత్తం పెట్టుకుని, ఆపరేటర్‌నూ ఉంచుకున్నాం. ఆయన పనిని మాత్రం మార్చాం. షో మొదలుపెట్టడం, లైట్లు, వాల్యూమ్ ప్రీసెట్ అన్నీ టీఎంఎస్‌వే. నాలుగు తెరల షోలూ పది నిమిషాల తేడాతో మొదలయ్యేలా టైములు సర్దాం. ఆయన ప్రతి హాల్లోనూ మొదటి ఐదు నిమిషాలు మధ్య వరసలో కూర్చుంటాడు. ఫోకస్, ఫార్మాట్, వెలుగు, మాటల స్పష్టత, రెండు పక్కల సరౌండ్ చూస్తాడు. హాలు నిండినప్పుడు మనుషులే కొంత శబ్దాన్ని పీల్చేస్తారు కాబట్టి వాల్యూమ్ ఇంకోసారి వింటాడు. పొద్దున మొదటి షోకి ముందు పోర్ట్ గాజు తుడుస్తాడు, వారానికోసారి మీటరుతో తెర మీది వెలుగు కొలిచి రాస్తాడు.

షో షోకీ మనిషిని పెట్టలేని చిన్న థియేటర్లకు నా సలహా ఒకటే. టికెట్లు చింపే మనిషికైనా సరే ఆ ఐదు నిమిషాల పని నేర్పండి, తప్పు కనిపిస్తే షో ఆపే అధికారం కూడా ఆ మనిషికే ఇవ్వండి.